ఒంటెద్దు సేద్యం: గ్రాఫిక్స్ చిప్పు పోయిన లాప్‌టాప్‌ను నడుపుకోవడం, బాగు చేయించుకోవడం

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

రైతుకు కాడెద్దులు ఎట్లాగో నేటి విద్యార్థికి లాప్‌టాప్ అట్లాగు. రికార్డులు అందులోనే, ప్రాజెక్టు అందులోనే, ఉద్యోగాల దరఖాస్తులూ అందులోనే. మనలో చాలామందికి అది పంట డబ్బులతోనో, అప్పు చేసో, స్కాలర్‌షిప్పు కూడబెట్టో కొన్న వస్తువు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. అటువంటి యంత్రం ఒకనాడు తెర నిండా నిలువు చారలు చూపించి నిలిచిపోతే ఏం చేయాలి? దుకాణానికి తీసుకుపోతే "గ్రాఫిక్స్ పోయింది, బోర్డు మార్చాలి" అంటారు. లేకపోతే "వేడి చేస్తే వస్తుంది" అంటారు. ఈ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిజం? ఏమీ మార్చకుండానే ఆ లాప్‌టాప్‌ను ఇంకొన్నాళ్ళు నడుపుకోవచ్చునా? ఈ సంగతులను మన పాఠ్యపుస్తకాల్లోని భౌతికశాస్త్రం ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రాఫిక్స్ చిప్పు చేసే పని

మనం చూసే తెర చిన్న చిన్న చుక్కల సముదాయం. సాధారణమైన లాప్‌టాప్ తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600. తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ చూపిస్తుంది. అనగా ఒక్క సెకనులో 12 కోట్ల 44 లక్షల పైచిలుకు చుక్కలకు రంగు నిర్ణయించి పంపించాలి. ఈ చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తిన వేస్తే అది తక్కిన పనులు చేయలేదు. అందుచేత ఈ పనికే ప్రత్యేకంగా ఒక చిప్పును నియమించారు. అదే గ్రాఫిక్స్ చిప్పు.

డెస్క్‌టాప్ కంప్యూటర్లో దీన్ని ఒక కార్డు మీద పెట్టి గాడిలో గుచ్చుతారు. పాడైతే ఊడబీకి వేరొకటి గుచ్చడమే. లాప్‌టాప్‌లో అట్లా కాదు. కొద్ది రకాల్లో మాత్రం ఎం.ఎక్స్.ఎం. అనే ఊడదీయగల కార్డు ఉంటుంది. మిగిలిన అన్నింటిలో చిప్పును మదర్‌బోర్డుకే టంకంతో అతికిస్తారు. మనం "గ్రాఫిక్స్ కార్డు" అని మాటవరసకు అంటామే గానీ అక్కడ కార్డంటూ ఏదీ లేదు. తంటా అంతా ఇక్కడే వచ్చింది.

గ్రాఫిక్స్ ఏర్పాటును బట్టి లాప్‌టాప్‌లను మూడు తరగతులుగా విభజించుకోవచ్చు.

మొదటి తరగతి: గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్నవి. ఇంటెల్ సంస్థ 2011 జనవరిలో విడుదల చేసిన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగం కూడా అదే సిలికాన్ ముక్క మీద ఉంది. నేడు మనం కొనే తక్కువ ధర లాప్‌టాప్‌లు ఎక్కువగా ఈ తరగతివే.

రెండవ తరగతి: విడి గ్రాఫిక్స్ చిప్పు ఒక్కటే ఉన్నవి. పాత లాప్‌టాప్‌లలో ఇవి చాలా ఉన్నాయి.

మూడవ తరగతి: రెండూ ఉన్నవి. మామూలు పనికి ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్, ఆటలకూ త్రీడీ పనులకూ విడి చిప్పు. ఇవి జోడెడ్ల బండ్లు. ఒక ఎద్దు పడిపోయినా రెండో దానితో బండి నడిపే అవకాశం ఉన్నది వీటికే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వీటిని గురించే.

చిప్పు ఎందుకు పోతుంది?

బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మీలో కొందరైనా చూసి ఉంటారు. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన తర్వాత చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారు. చల్లబడగానే అది సంకోచించి కొయ్యను బిగించి పట్టుకుంటుంది. పట్టాను చక్రానికి బిగించే ఈ ధర్మమే చిప్పును బోర్డు నుండి విడదీస్తున్నది.

గ్రాఫిక్స్ చిప్పు అడుగు నుండి పైకి నాలుగు అంతస్తుల కట్టడం. అన్నింటికంటే కింద మదర్‌బోర్డు. దాని మీద వందలాది చిన్న టంకపు గుండ్లు. ఆ గుండ్ల మీద ఆకుపచ్చని పలక ఒకటి. ఆ పలక మీద అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క. సిలికాన్‌కూ పలకకూ మధ్య మరింత సన్నని టంకపు బొడిపెలు ఉంటాయి, వాటి చుట్టూ ఒక రకం జిగురు నింపి ఉంటుంది. అసలు వ్యవహారం ఈ సన్న బొడిపెల దగ్గరే ఉన్నది.

సిలికాన్ వేడికి చాలా తక్కువగా వ్యాకోచిస్తుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కు పది లక్షలలో సుమారు 3 వంతులు. కింది పలక సుమారు 15 వంతులు వ్యాకోచిస్తుంది. తేడా 12 వంతులు. సిలికాన్ ముక్క 20 మిల్లీమీటర్ల చదరం అనుకుందాం. మధ్య నుండి అంచుకు 10 మిల్లీమీటర్లు. యంత్రం 30 డిగ్రీల వద్ద మొదలై 90 డిగ్రీలకు ఎక్కితే పెరిగిన ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. ఈ మూడింటినీ గుణిస్తే అంచు దగ్గర పైదానికీ కిందిదానికీ వచ్చే తేడా 0.0072 మిల్లీమీటర్లు, అనగా సుమారు 7 మైక్రాన్లు. వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు. ఇదెంత అనిపించవచ్చు. కానీ ఆ బొడిపె ఎత్తే ఇంచుమించు వెంట్రుక మందం. దాన్ని పక్కకు వంచి మళ్ళీ నిలబెట్టడం రోజూ జరుగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరకు తెగుతుంది గదా! అట్లాగే లాప్‌టాప్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ బొడిపె ఒకసారి వంగుతుంది. వేలసార్లు జరిగిన మీదట అందులో చీలిక పుడుతుంది.

చుట్టూ నింపిన జిగురు ఈ వంపును చాలావరకు ఆపుతుంది. కానీ ప్రతి జిగురుకూ ఒక ఉష్ణోగ్రత హద్దు ఉన్నది. అది దాటితే మెత్తబడుతుంది, బొడిపెలను పట్టి ఉంచలేదు. కాబట్టి జిగురు ఎంపిక, టంకం ఎంపిక సరిగా కుదరకపోతే చిప్పు ఆయుష్షు తగ్గుతుంది.

టంకం విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది. పూర్వం తగరం, సీసం కలిపిన టంకం వాడేవారు. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిపితే 183 డిగ్రీల వద్ద కరుగుతుంది. సీసం విషం కనుక ఐరోపా దేశాలు 2006 జూలై 1 నుండి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని వాడకాన్ని కట్టడి చేశాయి. తరువాత వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమం 217 డిగ్రీలు దాటితే గానీ కరగడం మొదలుపెట్టదు. సీసం లేకపోవడం ఆరోగ్యానికి మంచిదే. కాకపోతే కొత్త టంకపు స్వభావాన్ని పరిశ్రమ అర్థం చేసుకోవడానికి కొంతకాలం పట్టింది.

ప్రపంచం చూసిన రెండు పెద్ద ఉదంతాలు

ఇది ఒకరిద్దరి దురదృష్టం కాదని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు.

2008 జూలైలో ఎన్విడియా సంస్థ తన పాత తరం లాప్‌టాప్ చిప్పులు కొన్ని అసాధారణంగా పాడవుతున్నాయని ప్రకటించింది. సిలికాన్‌ను పలకకు కలిపే పదార్థాల బలహీనతను కారణంగా చెప్పి, మరమ్మతుల ఖర్చుకు 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ చిప్పులు డెల్, హెచ్.పి., ఆపిల్ లాప్‌టాప్‌లలో ఉన్నాయి. ఒకే చిప్పు అన్ని సంస్థల యంత్రాల్లో పోయిందంటే తప్పు వాడినవాడిది కాదని తేలిపోయినట్లే.

రెండవది ఆపిల్ 2011లో విడుదల చేసిన 15, 17 అంగుళాల మాక్‌బుక్ ప్రో. వీటిలో ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎ.ఎం.డి. రేడియాన్ విడి చిప్పు ఉన్నది. రెండు మూడేళ్ళు వాడాక చాలా యంత్రాల్లో ఈ రేడియాన్ చిప్పు పోయింది. అమెరికాలో 2014లో వినియోగదారులు కోర్టుకు వెళ్ళారు. 2015 ఫిబ్రవరిలో ఆపిల్ ఉచిత మరమ్మతు పథకం ప్రకటించింది. 2011 నమూనాలకు ఆ గడువు 2016 చివరితో ముగిసింది. గమనించదగిన సంగతి ఏమనగా, అదే సంవత్సరపు 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో విడి చిప్పు లేదు. కనుక ఈ రోగమూ రాలేదు.

గడువు ముగిశాక ఆ 15 అంగుళాల యంత్రాలు ఏమైనట్లు? సెకండ్‌హ్యాండ్ బజారుకు చేరాయి. చూడటానికి అందంగా ఉండి, ధర తక్కువ చెప్పడంతో విద్యార్థుల చేతికి వచ్చాయి. ఇప్పటికీ వస్తున్నాయి.

తెరా, తీగా, చిప్పా?

మందు వేయకముందు రోగం తెలియాలి. తెరపై బొమ్మ చెడితే వెంటనే గ్రాఫిక్స్ చిప్పును అనుమానించవద్దు. తెర, తెరకు పోయే తీగ, ర్యామ్, సాఫ్ట్‌వేర్, వీటిలో ఏది చెడినా ఇంచుమించు ఇవే లక్షణాలు కనబడతాయి. ఈ కింది పరీక్షలకు పైసా ఖర్చు లేదు.

1. లాప్‌టాప్‌ను వేరే మానిటర్‌కో టీవీకో హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలపండి. బయట బొమ్మ శుభ్రంగా ఉండి లోపలి తెర మీదనే చారలుంటే తెరో, తీగో పోయింది. చిప్పు బాగానే ఉన్నది. రెండు చోట్లా ఒకే రకం చారలుంటే చిప్పు మీద అనుమానం గట్టిపడుతుంది.

2. తెర మూత నెమ్మదిగా కదిలించండి. కదిలించినప్పుడల్లా బొమ్మ మారుతుంటే మడత దగ్గర తీగ నలిగింది.

3. తెర పూర్తిగా నల్లబడితే టార్చిలైటు వేసి ఏటవాలుగా చూడండి. లీలగా బొమ్మ కనబడితే చిప్పు పనిచేస్తున్నది, తెర వెనుక దీపం ఆరిపోయింది.

4. యంత్రం వెలిగించగానే, విండోస్ మొదలుకాక ముందే, కంపెనీ గుర్తు వచ్చే చోట చారలు కనబడితే అది సాఫ్ట్‌వేర్ దోషం కాదు. ఆ గుర్తు బాగుండి విండోస్ ఎక్కుతుండగా నిలిచిపోతే రెండు అవకాశాలున్నాయి. డ్రైవర్ చెడి ఉండవచ్చు, లేదా డ్రైవర్ లేచి చిప్పును నిజంగా పనిలోకి దించినప్పుడే దాని జబ్బు బయటపడుతూ ఉండవచ్చు.

5. సేఫ్ మోడ్‌లో నడిపి చూడండి. సేఫ్ మోడ్‌లో అసలు డ్రైవర్ లేవదు, చిప్పు చేత తేలిక పని మాత్రమే చేయిస్తారు. సేఫ్ మోడ్‌లో గంట సేపు బాగా నడిచి, మామూలుగా నడిపితే పడిపోతుంటే పై రెండు అవకాశాలలో ఏదో తేల్చాలి. పెన్‌డ్రైవ్ మీద నుండి లినక్స్ నడిపి చూడండి. అక్కడా పడిపోతే దోషం చిప్పుదే.

6. ర్యామ్ రెండు ముక్కలుంటే ఒకటి తీసి, మరొకటి ఉంచి, మార్చి మార్చి చూడండి. ముఖ్యంగా మొదటి తరగతి లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్‌కు ప్రత్యేకమైన జ్ఞాపకశక్తి లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. ర్యామ్ చెడినా తెర మీద రంగు గళ్ళు వస్తాయి.

లోపల చెయ్యి పెట్టే ముందు చార్జరు తీసి, బ్యాటరీ తీగను విడదీయడం మరచిపోవద్దు. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని గుచ్చడం గానీ వంచడం గానీ చేయరాదు. అంటుకుంటుంది.

ముందు గింజలు ఇంటికి చేర్చాలి

వాన వచ్చేటట్లుంటే రైతు ముందు కళ్ళంలోని గింజలను ఇంటికి చేరుస్తాడు, తరువాతే పందిరి సంగతి చూస్తాడు. లాప్‌టాప్ జబ్బు పడినప్పుడు కూడా మొదట కాపాడుకోవలసింది అందులోని సమాచారం. గ్రాఫిక్స్ చిప్పు పోయినంత మాత్రాన డిస్కు పోదు. డిస్కు ఊడదీయగలిగినదైతే దానికి తగిన యు.ఎస్.బి. పెట్టెలో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్ళన్నీ కనబడతాయి.

ఇక్కడొక ఇబ్బంది ఉన్నది. ఈ మధ్య వచ్చే విండోస్ లాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్కు తాళం వేసి ఉంటుంది. దీన్ని బిట్‌లాకర్ అంటారు. 48 అంకెల రికవరీ కీ ఉంటేనే తెరుచుకుంటుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచబడి ఉంటుంది. యంత్రం బాగున్నప్పుడే ఆ అంకెలను ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టుకోవడం మేలు. ఈ వ్యాసం చదివి ఈ ఒక్క పని చేసినా చాలు.

ఒంటెద్దుతో నడపడం

ఇక అసలు విషయానికి వద్దాం. మూడవ తరగతి లాప్‌టాప్‌లలో విడి చిప్పు పోతే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో నడపడం ఎట్లా? అది తెర ఏ చిప్పుకు కలిపి ఉన్నదనే దాన్ని బట్టి ఉంటుంది.

ఎన్విడియా 2010లో ఆప్టిమస్ అనే ఏర్పాటు తెచ్చింది. ఇందులో తెర ఎప్పుడూ ఇంటెల్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. విడి చిప్పు తాను గీసిన బొమ్మను ఇంటెల్‌కు అందిస్తే, అది తెరకు పంపిస్తుంది. ఇటువంటి యంత్రంలో విడి చిప్పు పోతే పని సులువు. విండోస్‌లో సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కనబడే రెండు పేర్లలో విడి చిప్పు పేరు మీద కుడి మీట నొక్కి డిజేబుల్ అంటే సరి. కొన్ని యంత్రాల్లో బయోస్‌లోనే దాన్ని ఆపే సదుపాయం ఉంటుంది. ఉంటే అది ఇంకా మంచిది. విండోస్ తనంతట తాను డ్రైవర్‌ను మళ్ళీ తెచ్చి పెట్టకుండా చూసుకోవాలి.

లినక్స్ వాడేవారు యంత్రం మొదలయ్యేటప్పుడు గ్రబ్ పట్టికలో ‘ఇ’ అక్షరం నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర "నోమోడ్‌సెట్" అనే మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చేర్చి, కంట్రోల్, ఎక్స్ మీటలు కలిపి నొక్కాలి. దీనితో గ్రాఫిక్స్ డ్రైవర్లు చిప్పును ముట్టుకోవు. తెర నెమ్మదిగా నడిచినా కనబడుతుంది. తరువాత విడి చిప్పు డ్రైవర్‌ను, అనగా ఎన్విడియాకు నూవో, ఎ.ఎం.డి.కి రేడియాన్ లేదా ఎ.ఎం.డి.జి.పి.యు., బ్లాక్‌లిస్టులో పెట్టి నోమోడ్‌సెట్ తీసేస్తే ఇంటెల్ గ్రాఫిక్స్ పూర్తి వేగంతో పనిచేస్తుంది.

పైన చెప్పిన 2011 మాక్‌బుక్ ప్రో సంగతి వేరు. అందులో తెరకూ రెండు చిప్పులకూ మధ్య జిమక్స్ అనే మార్పిడి మీట ఉన్నది. కాలువ మీది తూము వంటిదనుకోండి, ఏ వైపు తిప్పితే ఆ వైపు నీరు పారుతుంది. యంత్రం వెలిగించినప్పుడు ఈ తూము విడి చిప్పు వైపే తెరుచుకొని ఉంటుంది. అందువల్ల విడి చిప్పు పోతే ఆపరేటింగ్ సిస్టమ్ లేవకముందే తెర చెడిపోతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ ఆరోగ్యంగా ఉండి కూడా దానికి తెర దొరకదు.

దీనికి ఉపాయం, లినక్స్ లేవకముందే గ్రబ్ చేత తూము తిప్పించడం. గ్రబ్‌లో ఔట్‌బి అనే ఆజ్ఞ ఉన్నది. అది ఒక పోర్టుకు ఒక సంఖ్యను పంపుతుంది. నాలుగు ఆజ్ఞలు కావాలి: 728వ పోర్టుకు 1, 710కి 2, 740కి 2, 750కి 0. ఈ పోర్టు సంఖ్యలు పదహారు ఆధారంగా వ్రాసేవి, కనుక ముందు సున్నా, ఎక్స్ చేర్చాలి. మొదటిది తెరతో మాట్లాడే తీగలను ఇంటెల్ వైపు తిప్పుతుంది. రెండవది లోపలి తెరను, మూడవది బయటి తెర మార్గాన్ని విడి చిప్పు నుండి మళ్ళిస్తాయి. నాలుగవది విడి చిప్పుకు కరెంటు ఆపుతుంది. వీటిని గ్రబ్ అమరికలో లినక్స్ వరుసకు ముందు శాశ్వతంగా వ్రాసి పెట్టుకోవాలి. లినక్స్‌ను ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలోనే ఎక్కించి ఉండాలి. రేడియాన్ డ్రైవర్‌ను కూడా లేవకుండా ఆపాలి.

మా హాస్టల్లో ఒక మిత్రుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది సరిగ్గా ఈ యంత్రమే. ఒక దుకాణంలో డబ్బు తీసుకొని చిప్పును వేడి చేసి ఇచ్చారు. నలభై రోజులు నడిచి, ప్రాక్టికల్ పరీక్షల వారంలో మళ్ళీ పోయింది. "గ్యారంటీ లేదని ముందే చెప్పాం గదా" అన్నారు. అప్పుడు పై నాలుగు ఆజ్ఞలు వ్రాసి లినక్స్ మీద నడిపించాం. ఏడాది దాటింది, నడుస్తూనే ఉన్నది. ప్రోగ్రాములు వ్రాయడానికి, రికార్డులు టైపు చేయడానికి, పాఠాలు చూడడానికి లోటు లేదు. విడి చిప్పుకు కరెంటు ఆపడంతో వేడి తగ్గింది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తున్నది.

ఐతే ఒంటెద్దుకు ఒంటెద్దు పరిమితులు ఉంటాయి. పెద్ద ఆటలు, భారీ త్రీడీ పనులు సాగవు. ఈ మాక్‌బుక్‌లో బయటి తెర తీగ విడి చిప్పుకే అతికి ఉన్నది కనుక ప్రొజెక్టర్‌కు కలపడం కుదరదు. సెమినార్ ఇవ్వాలంటే మరొకరి లాప్‌టాప్ అడగాల్సిందే.

రెండవ తరగతి లాప్‌టాప్‌లో ఉన్న ఒక్క చిప్పూ పూర్తిగా పోతే? తెర రాదు. కాని యంత్రం మొదలవుతూనే ఉంటే దానికి వేరే పని చెప్పవచ్చు. డిస్కును మరో కంప్యూటర్‌లో పెట్టి లినక్స్ ఎక్కించి, నెట్‌వర్కు అమర్చి, ఎస్.ఎస్.హెచ్. తెరిచి ఉంచితే, తెర లేకుండానే మరొక కంప్యూటర్ నుండి దాన్ని వాడుకోవచ్చు. హాస్టల్ గదిలో పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు దాచి అందరికీ పంచే భాండాగారంగా అది పనికివస్తుంది.

నెర్రెలు మూసుకున్నంత మాత్రాన

ఇప్పుడు దుకాణంవారి మాటల్లోని నిజానిజాలు చూద్దాం.

"వేడి చేస్తే వస్తుంది" అనేది అబద్ధం కాదు. నిజంగానే వస్తుంది. ఎందుకు వస్తుందో తెలిస్తే ఎందుకు నిలవదో కూడా తెలుస్తుంది. నల్లరేగడి నేల ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. వాన పడగానే మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. నేల అతుక్కున్నదా? లేదు. తడి ఆరగానే నెర్రెలు విచ్చుకుంటాయి. చిప్పును వేడి గాలితో కాల్చినప్పుడు జరిగేదీ ఇదే. సిలికాన్ కింది పలక, జిగురు వ్యాకోచించి, చీలిన బొడిపె రెండు ముఖాలూ ఒకదానికొకటి తగులుతాయి. విద్యుత్తు పారుతుంది, తెర వెలుగుతుంది. చీలిక మాత్రం చీలికగానే ఉంటుంది. రోజూ వేడెక్కి చల్లారే క్రమంలో కొన్ని రోజులకో కొన్ని నెలలకో మళ్ళీ విడిపోతుంది. ఇంట్లో ఓవెన్‌లో బోర్డు పెట్టి కాల్చేవారు కూడా ఉన్నారు. బోర్డు మీది ప్లాస్టిక్ భాగాలు కరుగుతాయి, కెపాసిటర్లు పగులుతాయి, విషవాయువులు వస్తాయి. ఆ ఓవెన్ తరువాత వంటకు పనికిరాదు. ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

రెండవ మాట "రీబాలింగ్". చిప్పును ఊడదీసి, పలక కింది టంకపు గుండ్లన్నీ తుడిచి, కొత్త గుండ్లు పేర్చి తిరిగి అతికించడం. ఇది నేర్పుగల పని. యంత్రం కిందపడి ఆ గుండ్లే చీలితే ఇది సరైన వైద్యం. కాని మనం పైన చూసినట్లు, వేడి వల్ల వచ్చే చీలిక చాలాసార్లు పలక పైన, సిలికాన్ కింది సన్న బొడిపెల్లో ఉంటుంది. కింది గుండ్లు మారిస్తే పైవాటికి ఏమి లాభం? రీబాలింగ్ తరువాత కొన్నాళ్ళు నడవడానికి కారణం కూడా తరచుగా ఆ పని చేసేటప్పుడు తగిలిన వేడే.

మూడవది, చిప్పునే మార్చడం. బోర్డుకు ఉన్న ఇంజను కాలితే మనం వైండింగ్ మార్పిస్తాం. చిప్పుకు ఆ సదుపాయం లేదు, మొత్తం మార్చాలి. మారిస్తే కొత్త చిప్పే వేయాలి. పాత బోర్డుల నుండి ఊడదీసి మెరుగుపెట్టిన చిప్పు వేస్తే ఆ రోగమే మళ్ళీ వస్తుంది. కాబట్టి దుకాణంలో మూడు ప్రశ్నలు అడగండి. వేడి చేస్తారా, గుండ్లు మారుస్తారా, చిప్పే మారుస్తారా? మార్చే చిప్పు కొత్తదా, పాతదా? ఎన్ని నెలల గ్యారంటీ, కాగితం మీద వ్రాసిస్తారా? మూడో ప్రశ్నకు జవాబు దాటవేస్తే మీ జవాబు మీకు దొరికినట్లే.

నాలుగవది బోర్డు మార్పించడం. కంపెనీ సర్వీసు కేంద్రాల్లో సాధారణంగా చెప్పేది ఇదే. నా అభిప్రాయంలో, ఆ ఖర్చు ఆ యంత్రపు నేటి విలువలో సగం దాటితే మానుకోవడమే మంచిది. ఒంటెద్దుతో నడిచేదైతే అట్లాగే నడుపుకొని, ఆ డబ్బును తదుపరి యంత్రానికి దాచుకోవచ్చు. కొన్న రెండు మూడేళ్ళలోనే పోతే మాత్రం ముందుగా ఆ నమూనాకు కంపెనీ ఉచిత మరమ్మతు పథకం ఏదైనా ఉందేమో కనుక్కోండి. వస్తువుల మరమ్మతు సమాచారం కోసం భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను ప్రారంభించింది.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఎద్దును కొనే రైతులా ఉండాలి. సంతలో ఎద్దును నిలబెట్టి చూసి ఎవరూ కొనరు. పళ్ళు చూస్తారు, నడిపించి చూస్తారు. లాప్‌టాప్‌ను కూడా అరగంట తగ్గకుండా నడిపించండి, బొమ్మలెక్కువ ఉన్న ఆటో త్రీడీ ప్రోగ్రామో పెట్టి వేడెక్కనివ్వండి. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేర్లు చూడండి. విడి చిప్పు ఉందని చెప్పిన యంత్రంలో దాని పేరు కనబడకపోయినా, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉన్నా, ఎవరో జబ్బును దాచిపెట్టారేమో అని అనుమానించండి. ఒంటెద్దును ఒంటెద్దు ధరకు కొంటే తప్పులేదు. జోడెడ్ల ధర పెట్టి కొనడమే నష్టం.

ఇక వాడుకలో. చిప్పును చంపేది వేడి ఒక్కటే కాదు, వేడికీ చల్లదనానికీ మధ్య తేడా. ఆ తేడా తగ్గించడమే మన చేతిలో ఉన్న పని. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే గాలి పోయే దారి మూసుకుపోతుంది. బల్ల మీద గానీ పలక మీద గానీ పెట్టండి. ఏడాదికొకసారి ఫ్యాను దుమ్ము తీయించండి. పత్తి పంట ఉన్న ఊళ్ళల్లో ఆరు నెలలకే ఫ్యానులో నూగు పేరుకుంటుంది. చిప్పుకూ లోహపు పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు కొన్నేళ్ళకు ఎండి గట్టిపడుతుంది. దాన్ని తుడిచి కొత్తది పూయిస్తే చిప్పు చల్లగా నడుస్తుంది.

ఏ విధంగానూ నడవని యంత్రాన్ని పాత ఇనుపసామాను వాళ్ళకు తూకానికి అమ్మవద్దు. బంగారం, రాగి కోసం బోర్డులను బహిరంగంగా కాల్చేవాళ్ళున్నారు. ఆ పొగలో ఎవరి పిల్లలో ఆడుకుంటుంటారు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇటువంటివాటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. ఇచ్చే ముందు డిస్కు, ర్యామ్, చార్జరు తీసి ఉంచుకోండి. మరొక యంత్రానికి పనికివస్తాయి.

మన ఊళ్ళల్లో పనిముట్టు విరిగితే పారేయరు. ముందు ఎక్కడ విరిగిందో చూస్తారు, అతికేదైతే అతికిస్తారు, అతకనిదైతే మిగిలిన భాగంతో మరో పని చేయించుకుంటారు. లాప్‌టాప్ విషయంలోనూ ఈ పద్ధతే మనకు శరణ్యం. మన ప్రయోగశాలల్లో మూలపడిన యంత్రాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే, వాటిలో చీలింది ఒక బొడిపె మాత్రమే అయినవి కొన్నయినా తేలవచ్చు. కళాశాలలో కంప్యూటర్స్, ఫిజిక్స్ విద్యార్థులు కలిసి నెలకొక శనివారం ఇటువంటి వాటిని పరీక్షించే ఏర్పాటు చేసుకుంటే, ఫీజు కట్టడానికే కష్టపడే మిత్రులకు ఒక్కొక్క ఒంటెద్దు బండైనా దొరుకుతుంది. రాబోయే విద్యార్థి సంఘం ఈ విషయం ఆలోచించాలని మనవి.